ఖలీద్ పేరుతో వచ్చిన మెయిల్

కైకలూరులో ఆ ఉదయం మంచు ఎంతకీ విడలేదు. కింద షెడ్డులో ఐసు దిమ్మలు కొడుతున్న చప్పుడు వినిపిస్తోందే గాని, కొడుతున్న మనుషులు కనిపించడం లేదు. మేడ మీద గదిలో గుల్షన్ బీరువా తెరిచి భర్త ల్యాప్‌టాప్ బయటికి తీసింది. ఖలీద్ పోయిన ఈ ఏడు నెలల్లో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఆ అవసరం ముందు రోజే వచ్చింది. గౌహతిలో వీళ్ల చేపలు కొనే వ్యాపారి ఒకాయన ఇంటికి ఫోన్ చేసి, ఖలీద్ గారి అడ్రసుకు నాలుగు మెయిళ్లు పంపినా జవాబు లేదేమని అడిగాడు. ఖలీద్ లేడన్న సంగతి ఆయనకు తెలియనే తెలియదు.

వీళ్ల చేపల కంపెనీ పేరు మీద సొంత మెయిల్ అడ్రసులు పెట్టించింది ఖలీదే. తనకొకటి, తమ్ముడు షాబాజ్‌కొకటి. ఇప్పుడు అన్న అడ్రసు తీసేయిద్దామని షాబాజ్ పట్టుబట్టాడు. పోయిన మనిషి పేరున ఉత్తరాలు రావడమేమిటన్నాడు. గుల్షన్ ఒప్పుకోలేదు. ఆమె బీకాం చదివింది. భర్త పోయాక పాటించే ఇద్దత్ గడువు ముగిసిన దగ్గర్నుంచీ, భర్త చూసిన పని తాను చూస్తానని అడుగుతూనే ఉంది. చివరికి మామగారు నన్నే సాహెబ్ "అమ్మాయిని చూడనివ్వరా" అని ఒక్క మాట అన్నాడు. షాబాజ్ అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు.

ల్యాప్‌టాప్ వెలగగానే మెయిల్ ప్రోగ్రామ్ తనంతట తానే తెరుచుకుంది. తెర మధ్యలో చిన్న పెట్టె లేచింది. పేరు దగ్గర ఖలీద్ అని ఉంది. దాని కింద పాస్‌వర్డు కోసం ఖాళీ. ఖలీద్ డైరీలో రాసి పెట్టుకున్న పాస్‌వర్డు చూసి కొట్టింది. పెట్టె మాయమై, రెండు క్షణాల్లో మళ్లీ లేచింది. మూసేసింది. కాసేపటికి అదే పెట్టె, అదే పేరు. ఎవరో గుమ్మం బయట నిలబడి లోపలికి రానివ్వమని అడుగుతున్నట్టు అనిపించింది ఆమెకు.

వెనక నిలబడి చూస్తున్న నన్నే సాహెబ్ తస్బీ పూసలు తిప్పడం ఆపాడు.

"ఏం అడుగుతోందమ్మా అది?"

"పాస్‌వర్డు, అబ్బా."

"ఎవర్ని?"



ఈ అడ్రసులు పెట్టించిన సుకుమార్‌కు ఏలూరులో కంప్యూటర్ సెంటర్ ఉంది. ఫోన్ చేస్తే, పాత పాస్‌వర్డు ఎవరో ఎప్పుడో మార్చేశారండీ అన్నాడతను. ఆ అడ్రసులున్న కంపెనీ డొమైన్ నన్నే సాహెబ్ పేరు మీద ఉంది గనక ఆయన్ని అడిగి కొత్త పాస్‌వర్డు పెట్టాడు. తర్వాత ఒక్కొక్కటే నెమ్మదిగా చెప్పాడు. మెయిళ్లు వచ్చే సర్వర్ పేరు, వెళ్లే సర్వర్ పేరు, పోర్టు నంబరు. వెళ్లే సర్వర్‌కు కూడా పాస్‌వర్డు కావాలని టిక్కు పెట్టండి అన్నాడు. ఆమె అన్నీ పూర్తిచేసి బటన్ నొక్కింది.

గౌహతి మెయిళ్లు దిగుతాయని చూసింది. దిగలేదు. ముందుగా తెర అడుగున ఒక గీత కదలసాగింది. ఒక మెయిల్ వెళ్తోందని దాని అర్థం. ఆమె ఎవరికీ ఏమీ రాయలేదు. ఆపేలోగా గీత నిండిపోయింది.

కింద షెడ్డులో ఐసు కొట్టే చప్పుడు ఆగింది. మెట్ల మీద అడుగులు వినిపించాయి. షాబాజ్ గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో మెయిళ్లు వచ్చే కొత్త ఫోన్ ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎందుకిలా చేశారు భాభీ? నా మీద కోపముంటే మొహం మీద తిట్టండి. భాయ్ పేరు పెట్టుకుని నాకు రాస్తారా?"

"నేనేం రాయలేదు షాబాజ్."

"మరెవరు రాశారు? సాయంత్రం ఇంటికి వస్తానని ఎవరు రాశారు?"

నన్నే సాహెబ్ మంచం కోడు పట్టుకుని కూర్చుండిపోయాడు. షాబాజ్ ఫోన్ చాపాడు. గుల్షన్ అందుకుని పైకి చదివింది.

"షాబాజ్, లోడు పాడైనందుకు నిన్న జట్టు కూలీలందరి ముందూ నిన్ను అనరాని మాటలన్నాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఎదురుగా చెప్పాలంటే నువ్వు నా మొహం చూడటం లేదు, అందుకే రాస్తున్నాను. తాడేపల్లిగూడెం వెళ్తున్నాను. సాయంత్రం ఇంటికి వస్తాను. గేటు దగ్గరే ఉండు. నన్ను చూసి వెళ్లిపోకు."

కిటికీలోంచి మంచు లోపలికి వస్తోంది. అది ఖలీద్ మాటతీరే. అనుమానానికి చోటు లేదు.

సుకుమార్‌కు చేసిన ఫోన్ ఇంకా లైనులోనే ఉంది. అతనూ విన్నట్టున్నాడు. నెమ్మదిగా చెప్పాడు. "కంగారు పడకండమ్మా. అది అప్పుడు రాసిందేనండి. పాస్‌వర్డు మారిపోవడం వల్ల వెళ్లక ఆ ల్యాప్‌టాప్‌లోనే ఆగిపోయుంటుంది. ఇవాళ దారి దొరికింది, వెళ్లిపోయింది."

షాబాజ్ గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

"మార్చింది నేనే అబ్బా," అన్నాడు. "భాయ్ పోయిన రోజు పొద్దున్నే, డైరీలో పాతది చూసి మార్చాను. అందరి ముందూ తిట్టాడు కదా, తన మెయిల్ తనకే తెరుచుకోకపోతే వచ్చి నన్ను అడుక్కుంటాడని. సాయంత్రం వచ్చే వేళకు కావాలనే కలిదిండి చెరువుల మీదికి వెళ్లిపోయాను. భాయ్‌కి రోడ్డు మీద యాక్సిడెంటయిందని ఫోన్ అక్కడికే వచ్చింది. ఇన్నాళ్లూ భాయ్ నా మీద కోపంతోనే పోయాడనుకున్నాను. ఈ అడ్రసు పేరెత్తితే చాలు, నా తప్పు బయటపడుతుందేమోనని..."

గుల్షన్‌కు కోపం ముంచుకొచ్చింది. ఆ ఒక్క ఉత్తరం అంది ఉంటే అన్నదమ్ములు కలుసుకునేవాళ్లు, ఆ చివరి రోజైనా. అదే మాట అంది కూడా. షాబాజ్ తల ఎత్తలేదు. నన్నే సాహెబ్ లేచి వచ్చి కొడుకు తల మీద చెయ్యి పెట్టాడు. ముసలాయన కళ్లలోంచి నీళ్లు ధారకడుతున్నాయి.

మధ్యాహ్నం గుల్షన్ గౌహతి ఆయనకు ఖలీద్ పోయిన కబురు రాసి, అడ్రసు తన ఫోనులో కూడా పెట్టుకుంది. పొద్దు వాలుతుంటే కిందికి చూసింది. షాబాజ్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. లారీలు వెళ్లిపోయాయి. కూలీలు వెళ్లిపోయారు. సాయంత్రపు మగ్రిబ్ అజాన్ అయింది. కొల్లేటి వైపు నుంచి మళ్లీ మంచు పాకి రోడ్డు కనబడకుండా పోయింది. అతను రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు.

గుల్షన్ దిగి వెళ్లి పక్కన నిలబడింది. ఏ బండి చప్పుడూ లేదు. అయినా ఇద్దరూ చెవులు రిక్కించారు.

"భాయ్ ఏ వేళకు వస్తుండేవాడు భాభీ?" అని అడిగాడు అతను, చిన్నపిల్లాడిలా.

"ఈపాటికి వచ్చేసేవారు."

షాబాజ్ మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. అన్న జనాజా మోసిన రోజున కూడా అతను ఏడవలేదు. గుల్షన్ ఆపమనలేదు. తన కోపం ఎప్పుడు కరిగిందో ఆమెకే తెలియలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, అతని భుజం మీద చెయ్యి వేసింది.

"ఇవాళ గేటు దగ్గరే ఉన్నావు కదా, షాబాజ్. ఇక లోపలికి రా. అబ్బా అన్నం తినకుండా కూర్చున్నారు."