భుజం దాటని చెయ్యి

2001 నవంబరు ఇరవై ఆరు, కార్తీక సోమవారం, సాయంత్రం ఐదూ నలభై. నక్షత్రాలు కనిపిస్తే ఉపవాసం విడుద్దామని మావారు పెరట్లో నిలబడి ఆకాశం చూస్తున్నారు. మా అత్తగారు మాణిక్యాంబగారు నడవలో మంచం మీద పడుకున్నారు. పక్కన నేను.

ఆవిడ గుండెకు పేస్‌మేకర్ పెట్టించి పదిరోజులైంది. "నెలన్నరపాటు ఎడంచెయ్యి భుజం దాటి ఎత్తకండి. లోపలి తీగ కదిలిపోతుంది," అన్నారు రాజమండ్రి డాక్టరుగారు. అత్తగారు ఆ చేతికి జోలె కట్టించుకుని, పసిపాపలా గుండెకు హత్తుకునే ఉండేవారు.

భయం ఉండదూ మరి? రెండేళ్ళ కిందట మా తోడికోడలు ఉమాశ్రీకీ అదే మిషను పెట్టి, అదే మాట చెప్పారు. మా ఇంట్లో మడిబట్టలు ఎవరికీ తగలకూడదు. నడవ పైకప్పు కింద దండెం మీదికి, పొడుగాటి కర్రతో రెండు చేతులూ ఎత్తి ఆరేయాలి. ఉమక్క ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే అత్తగారు ఆ కర్ర చేతికిచ్చారు.

"డాక్టరుగారు వద్దన్నారండి, అత్తయ్యగారూ."

"ఆ మాత్రం చెయ్యెత్తితే చచ్చిపోతావేంటే?"

ఆకుపచ్చంచు చీర దండెం మీద పడింది. దాని కిందే ఉమక్క కూలిపోయింది. తీగ ఊడిందన్నారు. ఆ చీరే చుట్టి ఆవిడ్ని సాగనంపాం. చీరా ఆవిడతోనే కాలిపోయింది.

ఈ కార్తీక సోమవారం సాయంత్రం కరెంటు పోయింది. తులసికోట దగ్గర దీపం తప్ప వెలుగు లేదు. గాలి లేదు. ఎక్కణ్ణుంచో తడిబట్ట వాసన... టప్... టప్... వాన లేదే! చుక్కలు పైనుంచి అత్తగారి గుండెల మీద పడుతున్నాయి.

"ఉమా... తెలియక అన్నానే, తల్లీ..." అత్తగారు గొణిగారు.

చీకట్లోంచి మెల్లగా జవాబు. అదే మర్యాద. అదే గొంతు.

"చెయ్యెత్తండి, అత్తయ్యగారూ... చచ్చిపోరులెండి."

జోలెలోంచి ఎడంచెయ్యి జారింది. లేస్తోంది... శివశివా అంటూ రెండు చేతులతో ఆ మణికట్టు పట్టుకుని లాగాను. మంచులా ఉంది. ఆగలేదు. నన్నూ లేపుకుంటూ పైకి... భుజం దాటింది.

అత్తగారు ఒక్కసారి ఎగశ్వాస తీశారు. అంతే.

లాంతరుతో మావారు పరుగెత్తుకొచ్చేసరికి చెయ్యి నిటారుగా, దండెం వైపు నిలిచి ఉంది. జోలె ముడి మాత్రం వీడలేదు.

తెల్లవారాక ఆ చేతిని నలుగురు పట్టి దించబోయినా దిగలేదు. అలాగే పాడె మీదికి చేర్చాం. అప్పుడు పైకి చూశాను. దండెం మీద ఆకుపచ్చంచు చీర, నీళ్ళోడుతూ.

నడవ తలుపు మూసి తాళం వేశాం. చీర దించడానికి ఇంట్లో ఎవరమూ చెయ్యెత్తలేదు.