ఒక ప్యాచ్, ఒకే మార్పు

చక్రవర్తులు తమ శాసనాలను రాళ్ల మీద చెక్కించేవారు. డయానా తన శాసనాన్ని ప్రింటు తీసి, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర తాను పాఠాలు చెప్పే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ గోడకు సెల్లోటేపుతో అంటించింది. 'ప్యాచ్‌లు పంపేవారికి సూచనలు' అని దాని శీర్షిక.

ఎవరైనా తెరిచి సరిదిద్దగలిగే ఒక తెలుగు టైపింగ్ ప్రోగ్రాముకు ఆమె సంరక్షకురాలు. అందులో తప్పు దిద్ది పంపే సవరణకే ప్యాచ్ అని పేరు. దిద్దే హక్కు లోకానిది. చేర్చుకునే హక్కు డయానాది.

2005 వానాకాలంలో ఆ సింహాసనాన్ని ధిక్కరించిన వీరుడు కాశీరావు. కైకలూరులో చేపల వ్యాపారం చేసే ఇంటి అబ్బాయి. నాలుగు వందల లైన్ల ప్యాచ్ పంపితే ఏడు నిమిషాల్లో తిరిగొచ్చింది. మర్నాడే బస్సెక్కి, వానలో నిలువునా తడిసి ఆమె ఎదుట ప్రత్యక్షమయ్యాడు.

"నా ప్యాచ్‌లో తప్పేంటండీ?"

"ముందు ఆ కీబోర్డుకి దూరం జరగండి, నీళ్లు కారుతున్నాయి. ప్రింటింగ్ బాగుచేశారు, మెనూ మార్చారు, రంగులు కూడా మార్చారు. అన్నీ ఒక్కదాన్లోనేనా?"

"అన్నీ మంచివేగా!"

"విడివిడిగా చూస్తేగా తెలిసేది? మీ ఇంట్లో కొర్రమీనూ రొయ్యా ఒకే బుట్టలో పోసి అమ్ముతారా?"

కాశీరావు వంశంలో ఇంత సూటి ప్రశ్న ఎవరూ ఎదుర్కొని ఉండరు.

"అమ్మం," అన్నాడు తలవంచి.

ఆ క్షణమే అతను రెండు నిశ్చయాలు చేసుకున్నాడు. ఒకసారికి ఒకటే అన్న సూచన ప్రకారం మొదటిదాన్ని, అంటే ప్యాచ్‌ను విడగొట్టి పంపడాన్ని, మాత్రమే అమలు చేశాడు.

కారణం రాయలేదని ఒకసారి, పరీక్షించలేదని ఒకసారి, మొత్తం ఆరుసార్లు ప్యాచ్ తిరిగొచ్చింది. ఏడోసారి చేరింది. ఆ ప్యాచ్ ఎవరెవరి చేతుల మీదుగా వెళ్తే వారందరూ 'నేను చూశాను, బాధ్యత నాది' అని కింద పేరు పెట్టడం అక్కడి ఆచారం. కాశీరావు పేరు, దాని కిందనే డయానా పేరు. ఆ పేజీని ప్రింటు తీసి, శుభలేఖ చూసుకున్నట్టు వారం రోజులు చూసుకున్నాడు.

తరువాత రెండో నిశ్చయాన్ని ఈమెయిల్‌గా పంపాడు: ప్రేమ, పెళ్లి, కాపురం విజయవాడలో, తాళి గుళ్లో, విందు చర్చి పక్క హాల్లో.

జవాబు వచ్చింది. "ఇది తిరస్కరణ కాదు. ఐదు మార్పులు కలిపారు. కారణం లేదు. మీ ఇంట్లో పరీక్షించలేదు. సవరించి, ఈసారి అందరి ముందు పెట్టండి."

మూడు నెలలు ఇంట్లో పరీక్ష జరిగింది. తల్లి గంగారత్నం పది రోజులు మాట్లాడలేదు. తరువాత మాట్లాడటం మొదలుపెట్టి ఆపలేదు.

"చర్చికెళ్లే పిల్ల మనింట్లో ఎట్టా ఇముడుద్దిరా?"

"నువ్వు కాదంటే మళ్లీ అడుగుతానమ్మా. రేపూ అడుగుతాను."

"ఇంత ఓపిక నీకెక్కడిదిరా? ఆ పిల్ల నిన్నెన్నిసార్లు తిప్పిపంపింది?"

"ప్యాచ్‌ని ఆరుసార్లు, నన్నొకసారి."

"ఇరవై నాలుగేళ్లుగా నీ చేత ఒక్క పని రెండోసారి చేయించలేకపోయాను," అందామె. "ఏదీ, నువ్వు సవరించి రాసిన ఆ కాగితం? సంతకం ఎక్కడ పెట్టాలి?"

మరుసటి ఆదివారం గన్నవరంలో, డయానా తండ్రి లాజరు మాస్టారు ఆ కాగితాన్ని పరీక్ష పేపరులా పట్టుకుని పైకి చదివారు.

"మార్పు: ఒకే ఇంటి తలుపు మీద ఇద్దరి పేర్లు. కారణం: ఈమె వద్దన్న ప్రతిసారీ నేను కాస్త మెరుగయ్యాను. పరీక్ష: మా ఇంట్లో మూడు నెలలు, రెండు పళ్లేలు పగిలాయి, మనుషులు క్షేమం." ఆయన కళ్లజోడు మీదుగా చూశారు. "గుడా, చర్చా? రాయలేదేమయ్యా?"

"అది వేరే ప్యాచండీ. ముందు ఇది చేరితే, దాన్ని విడిగా పంపుతాను."

మాస్టారు నవ్వు ఆపుకోవడానికి దగ్గారు. దగ్గు చాలక నవ్వేశారు. గంగారత్నం పేరు కింద సంతకం చేసి కాగితాన్ని కూతురికి అందించారు.

డయానా ప్రతి లైనూ చదివింది.

"పెళ్లి తేదీ ఖాళీగా వదిలేశారేం?"

"అది సంరక్షకురాలు నింపాలండీ."

ఆమె పెన్ను మూత తీసింది. ముందు సంతకం చేసి, ఆ తరువాతే తేదీ వేసింది. సూచనల్లో వరుస అదే.