ఇంటికి రాని ఆట

తాళం పగలలేదు. తీగ తెగలేదు. బోర్డు మాత్రం లేదు.

సబ్ ఇన్‌స్పెక్టర్ నర్మద మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసింది. మనిషంత ఎత్తు చెక్క పెట్టె. ముందు తెర, తెర కింద గుండ్రటి చక్రం, నేల దగ్గర రెండు పెడల్స్. వెనక తలుపు తీస్తే లోపల ఖాళీ. కనెక్టర్లు వేలాడుతున్నాయి. ఎవరో తొందర లేకుండా, ఒక్కొక్కటే విప్పి తీశారు.

పెట్టె అడుగున, దుమ్ములో ఏదో మెరిసింది. రూపాయి బిళ్లంత బ్యాటరీ. దానికి రెండు సన్నటి రేకు కాళ్లు. నర్మద దాన్ని చిన్న కవర్లో వేసి కానిస్టేబుల్ అంజన్‌కు చూపించింది.

"పాత సెల్లు మేడమ్. గీ మెషిన్లల్ల గిట్లాంటియి మస్తు పడుంటయి," అన్నాడు అంజన్.

ఆమె కూడా అలాగే అనుకుంది.

అబిడ్స్‌లో గన్‌ఫౌండ్రీ వైపు తిరిగే సందులో, ఒక పాత కాంప్లెక్సు సెల్లార్ అది. వీడియో గేమ్స్ పార్లర్. ఒకప్పుడు స్కూళ్లు వదిలితే మెట్ల మీద నిలబడే చోటు ఉండేది కాదట. ఇప్పుడు పనిచేసే మెషిన్లు నాలుగైదు మిగిలాయి. అందులో ఒకటి నిన్నటితో పోయింది.

ఓనరు ఇంద్రసేన కౌంటర్ వెనక నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా. భుజానికి గుడ్డ సంచి. కుర్చీ పక్కనే ఉన్నా కూర్చోలేదు. సంచి దించలేదు.

"ఏం పోయింది సార్, సక్కగ చెప్పున్రి," అంది నర్మద.

"ఆట పోయింది మేడమ్. చక్రం తిప్పి దీపాలు ముట్టిచ్చే దీపాల ఆట."

"మెషిన్ గీడనే ఉన్నది గద?"

"అది ఉత్త డబ్బా. ఆటంతా బోర్డుల ఉంటది."

"ఎప్పుడు చూసిన్రు?"

"ఇయ్యాల పొద్దుగాల షట్టర్ లేపంగ."

"తాళంచెవులు ఎవరి దగ్గర ఉంటయి?"

"ఒకటి నా దగ్గర. ఇంకోటి బాలమల్లు దగ్గర. మా మెకానిక్." వెంటనే గొంతు పెంచాడు. "ఆయన తీయలే మేడమ్. ఆయన మీద నాకు అనుమానం లేదు."

"మరెవరి మీద ఉన్నది?"

ఇంద్రసేన సంచి పట్టీ సర్దుకున్నాడు. ఖాళీ తెర వైపు చూశాడు.

*

బాలమల్లు నాంపల్లి స్టేషన్ వెనక చిన్న గదిలో కిరాయికి ఉంటాడు. జనగామ దగ్గర పల్లె నుంచి కూలి పనికి వచ్చి, ఈ పార్లర్‌లోనే రిపేర్లు నేర్చుకుని, ఇక్కడే తల నెరిసినవాడు. మేనత్త చనిపోతే శుక్రవారం ఊరికి పోయాడు. ఆదివారం సాయంత్రం రైలు దిగాడు. దిగినవాడు నేరుగా గదికి పోయి పడుకున్నానన్నాడు. చూసినవాళ్లు లేరు. తాళంచెవి అతని జేబులోనే ఉంది.

అంజన్‌కు అంతే చాలు. అతన్ని ఠాణాకు తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"బోర్డు ఎవరికి అమ్మినవ్?" అంజన్ అడిగాడు.

"నేను అమ్ముకునుడేంది సారు? దాన్ని సాకినోన్ని నేను."

"మరి ఎవరు తీసిన్రు?"

"నాకెట్ల ఎరుక?"

నర్మద వచ్చి ఎదురుగా కూర్చుంది. "గా బోర్డు కావాలని ఎవరన్న అడిగిన్రా?"

బాలమల్లు బెంచీ మీద ముందుకు జరిగాడు. "అఖిలేష్ అని ఒకాయన వస్తుండె మేడమ్. కంప్యూటర్ కంపెనీల నౌకరి. ఆట కాపీ తీసుకుంటనని శేట్‌ను ఏడాది సంది అడుగుతుండె. శేట్ ముట్టనియ్యలే."

"ఎందుకు?"

ముసలివాడు చేతుల వైపు చూసుకున్నాడు. "గౌతమ్ బాబు పేరున్నది గా బోర్డుల."

ఆ పేరు నర్మద వినడం అదే మొదలు.

గౌతమ్ ఇంద్రసేనకు ఒక్కగానొక్క కొడుకు. కాలేజీ అయిపోగానే సెల్లార్‌లోకి దూకేవాడు. దీపాల ఆటలో అతన్ని కొట్టినవాడు లేడు. ఎక్కువ పాయింట్లు వచ్చినవాళ్లు మూడు అక్షరాల పేరు రాసుకోవచ్చు. పట్టికలో అందరికన్నా పైన జీ, టీ, ఎం. ఆ పేరు రాసుకున్న నెలలోనే ఖైరతాబాద్ దగ్గర అతని బండిని లారీ గుద్దింది. పదిహేడేళ్లయింది. పై వరుస మారలేదు.

"ఆదివారమైతే బాబు వాళ్లమ్మ వస్తది," అన్నాడు బాలమల్లు. "ఆడదు. ఊకె నిలవడ్తది. తెర మీద పేర్లు వచ్చి పోతయి గద, అయి వచ్చేదాంక చూసి పోతది."

*

నర్మద నాంపల్లిలో వాళ్లింటికి వెళ్లింది. ఇంద్రసేన భార్య విద్యావతి తలుపు తీసింది. రిటైరైన టీచరు. కళ్లు వాచి ఉన్నాయి. మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది.

"దొరుకుతదా అమ్మా?"

"చూస్తున్నం అమ్మా. పేరున్న తెరను ఫోటో తీసుకోలేదా మీరు?"

"ఫోన్ల ఉన్నది." ఆమె చూపించలేదు. "ఫోటోల వాడు పోయిన పిల్లగాడు. ఆ డబ్బాల గట్ల కాదు. ఎవరో కొత్త పిల్లగాడు వచ్చి చక్రం పడ్తడు. వాన్ని దాటాలని చూస్తడు. దాటలేక పోతడు. నా కొడుకుతోని ఇంకా పోటీ పడ్తున్నరు గద అనిపిస్తది."

నర్మద గ్లాసు కింద పెట్టింది.

"నిన్న ఆదివారం. నిన్న చూసిన్రా?"

"లేదమ్మా. బయల్దేరుతుంటె ఈయన ఫోన్ చేసిన్రు. సెల్లార్ల కరెంటు లేదు, రావద్దన్నరు." ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది. "పోయుంటె ఆఖరిసారన్న చూసుకునేదాన్ని."

మధ్యాహ్నానికి నర్మద మళ్లీ అబిడ్స్ వెళ్లింది. సెల్లార్ మెట్ల పక్కన ఇస్త్రీ దుకాణం. నడిపే ఆమె పేరు కొండమ్మ. ఆ దుకాణానికీ సెల్లార్‌కూ ఒకటే కరెంటు మీటర్.

"నిన్న కరెంటు ఎంతసేపు పోయింది?"

"పోలే మేడమ్. ఆదివారం పుస్తకాల బజారుకు వచ్చినోళ్లు గూడ బట్టలు ఇచ్చిపోయిన్రు. పొద్దందాక కరెంటు ఇస్త్రీపెట్టె వేడిమీదనే ఉండె."

నర్మద మెట్ల దగ్గరే నిలబడిపోయింది. కింద సెల్లార్‌లో ఏదో కారు రేసు ఆట ఒంటరిగా మోగుతోంది.

*

అఖిలేష్ మొజంజాహీ మార్కెట్ దగ్గర కలిశాడు. ముప్పై దాటినవాడు. దొంగతనం సంగతి అతనికి అప్పటికే తెలిసింది. తన మీద అనుమానం ఉందనీ తెలుసు.

"ఆదివారం ఎక్కడున్నవ్?"

"బెంగళూరులో. కంపెనీ మీటింగ్. టికెట్లున్నయి మేడమ్." ఫోన్‌లో చూపించాడు.

"ఒక పాత ఆట కోసం ఏడాది తిరుగుడేంది? అన్ని ఆటలు ఇప్పుడు టీవీకి పెట్టుకునే డబ్బాలల్ల వస్తున్నయి గద?"

"అన్నీ రాలేదు మేడమ్. కొన్ని పార్లర్ దాటి ఇంటికి రాలేదు. ఈ ఆటకు చక్రం కావాలి, పెడల్స్ కావాలి. ఇంటికి తెచ్చేలోపు తయారుచేసిన కంపెనీయే మూతపడింది. నాకు తెలిసి మన దేశంలో పనిచేసే బోర్డు ఇదొక్కటే. ఇది పోతే ఆట పోయినట్టే. అందుకే కాపీ అడిగిన. శేట్ భయపడ్డరు. నువ్వు ముట్టుకుంటే మా బాబు పేరు పోతదన్నరు."

"పోతదా?"

"జాగ్రత్తగా చేస్తే పోదు. కాకపోతే బోర్డు మీద చిన్న బ్యాటరీ ఉంటది. పేర్లు, పాయింట్లు అన్నీ దాని మీదనే బతుకుతయి. అంతే కాదు. దొంగ కాపీలు రావద్దని కంపెనీ వేసిన తాళం కూడ దాంట్లనే. బ్యాటరీ ఆగితే పేర్లు పోతయి, ఆట కూడ తెరుచుకోదు."

నర్మద జేబులోంచి కవర్ తీసింది.

"గిట్లాంటి బ్యాటరీయేనా?"

అఖిలేష్ కవర్‌ను వెలుగుకు పట్టుకుని చూశాడు. అతని ముఖం మారిపోయింది.

"ఇది ఎక్కడిది మేడమ్?"

"డబ్బా అడుగున దొరికింది."

"కాళ్లకు అతికిన సీసం చూడండి. ఇంకా మెరుస్తున్నది. ఇప్పుడిప్పుడే ఊడదీసిన్రు." గొంతు తగ్గింది. "అయితే బోర్డు ఎవరి దగ్గరున్నా లాభం లేదు. చచ్చిపోయింది."

"బాలమల్లుకు ఈ సంగతి ఎరుకనా?"

"నాకు చెప్పిందే ఆయన. మార్చాలంటే ముందు పక్క నుంచి ఇంకో బ్యాటరీ తగిలించి, తర్వాత పాతది తీయాలె. మధ్యలో ఒక్క క్షణం కరెంటు తప్పినా అంతే."

నర్మద కవర్‌ను మళ్లీ జేబులో పెట్టుకుంది. తర్వాత అంజన్‌కు ఫోన్ చేసింది.

"బాలమల్లును తీసుకుని సెల్లార్‌కు రా. విద్యావతమ్మను కూడ పిలువు."

*

అఖిలేష్‌తో సహా అందరూ ఆ ఖాళీ మెషిన్ ముందు నిలబడ్డారు. బాలమల్లు చొక్కా నలిగిపోయి ఉంది. అతన్ని ఠాణా నుంచి తెచ్చారని తెలిసి ఇంద్రసేన తల ఎత్తలేకపోయాడు.

నర్మద బ్యాటరీని కౌంటర్ మీద పెట్టింది.

"ఇది ఇయ్యాల పొద్దుగాలనే నా చేతికి వచ్చింది. నేను సోయి పెట్టలే. బోర్డును దొంగిలించెటోడు బోర్డు బతికుండాలని చూస్తడు. బ్యాటరీ ఊడదీస్తే అది చస్తదని బాలమల్లుకు ఎరుక. అఖిలేష్‌కు ఎరుక. వాళ్లు తియ్యరు. ఏమీ తెల్వని దొంగ అయితే బ్యాటరీ జోలికే పోడు. బోర్డు మొత్తం చంకల పెట్టుకుని పోతడు."

ఆమె బ్యాటరీని వేలితో ముందుకు జరిపింది.

"అంటే తీసింది దొంగ కాదు. బ్యాటరీ ముఖ్యమని తెలిసి, ఎట్ల మార్చాల్నో తెల్వనోళ్లు. దాన్ని బతికించాలని చూసినోళ్లు." ఆమె ఇంద్రసేన వైపు తిరిగింది. "నిన్నంతా కరెంటు ఉన్నది సార్. లేదని అమ్మకు ఎందుకు చెప్పిన్రు?"

ఇంద్రసేన చెయ్యి భుజాన ఉన్న సంచి మీదికి పోయింది.

"మీ సంచిల ఏమున్నది?"

అతను సంచి దించాడు. తువ్వాలు మడతలు విప్పాడు. ఆకుపచ్చ బోర్డు బయటపడింది. ఒక మూల కొత్త బ్యాటరీ, చుట్టూ వంకర టింకర సీసం, కాలిన మరక.

"శనివారం నుంచి తెర మీద గీతలు పడ్తుండె," అన్నాడు. "బ్యాటరీ అయిపోతుందని మల్లన్న ఎప్పుడో చెప్పిండు. నేను వచ్చేదాంక ముట్టకు శేట్ అన్నడు. ఆదివారం ఈమె వస్తది గద. వచ్చేసరికి పేరు పోతె ఎట్ల అని..." ఊపిరి తీసుకున్నాడు. "నేనే మార్చిన. స్విచ్ వేసిన. తెర నల్లగనే ఉన్నది. మల్ల వేసిన. మల్ల వేసిన. నా చేతులతోనే తుడిచేసిన."

"శేట్!" అన్నాడు బాలమల్లు. "ఒక్క మాట నాతోని అనకపోతివి. నా మీదికి వచ్చినా చెప్పకపోతివి."

"పొద్దటి సంది చెప్దామనుకున్న మల్లన్నా. నోరు రాలే. పోయిందంటే ఆమెకు ఏమీ మిగలదు. ఎవడో ఎత్తుకపోయిండంటే... యాడనో ఒక దగ్గర ఉన్నది అనుకుంటది గద."

అఖిలేష్ బోర్డును అందుకుని తిప్పి చూశాడు. "చిప్పులు కాలలేదు. తాళం విప్పితే ఆట ఎప్పటికన్న దొరకొచ్చు." అని ఆగాడు. "పేర్లు దొరకవు అంకుల్."

విద్యావతి ముందుకు వచ్చి భర్త ఎదురుగా నిలబడింది.

"ఆనాడు గూడ గిట్లనే చేసిన్రు," అంది.

ఇంద్రసేన ఆమె ముఖంలోకి చూశాడు.

"వాడు దవాఖానల ఉన్నడు, కాలు విరిగింది, ఫికర్ లేదని ఆటోల కూసోబెట్టిన్రు. అప్పటికే పోయిండని మీకు ఎరుక. దారి పొడుగునా నేను వానికి ఏం వండిపెట్టాల్నో చెప్పుకుంట వచ్చిన. మీరు ఔ, ఔ అనుకుంట వచ్చిన్రు."

"నువ్వు తట్టుకోవని..."

"నేను తట్టుకున్న. అందరి ముందట ఏడ్సిన, తట్టుకున్న. మీరే ఇయ్యాల్టిదాంక ఏడ్వలే." ఆమె ఇంకో అడుగు దగ్గరికి వేసింది. "ఇన్నేండ్లు మీరు నాకు కాపలా ఉన్నరు. నా పక్కన మాత్రం లేరు. వాని పేరు పోతే పోయింది. గీసారన్న నాతోని ఏడువున్రి."

ఇంద్రసేన కుర్చీ కోసం చెయ్యి చాచాడు. అందలేదు. మెషిన్‌ను ఆనుకుని అలాగే నేల మీదికి జారాడు. ముందు చప్పుడు రాలేదు. తర్వాత వచ్చిన ఏడుపు పసివాడి ఏడుపులా ఉంది. విద్యావతి పక్కన కూర్చుని అతని తలను భుజానికి ఆనించుకుంది.

బాలమల్లు పోయి కారు రేసు మెషిన్ స్విచ్ కట్టేశాడు. సెల్లార్ నిశ్శబ్దమైంది.

నర్మద కళ్లతోనే మిగతా వాళ్లను మెట్ల వైపు పంపింది. తానూ ఎక్కింది. పైన అబిడ్స్ రోడ్డు ఎండలో హారన్లతో పోతూ ఉంది.

అంజన్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "తప్పుడు కంప్లైంట్ మేడమ్. కేసు వాళ్ల మీదనే అయితది. రిపోర్టుల ఏం రాయమంటరు?"

"ముందుగాల బాలమల్లు కాడికి పోయి, మనం చేసింది తప్పని చెప్పు."

"చెప్త మేడమ్. మరి వాళ్లను పిలువాల్నా?"

కింద నుంచి ఇప్పుడు రెండు గొంతుల ఏడుపు వినిపిస్తోంది. నర్మద టోపీ తీసి చేతిలో పట్టుకుంది.

"వద్దు. జర కానియ్యి," అంది.