ఇంటి చెవి

చెవి పరీక్ష కేంద్రంలో పదకొండో శంఖచిత్రం, అంటే లోచెవి ఫొటో, తెర మీద తేటపడేలోగా సుగుణ మూడుసార్లు గడియారం చూసింది. ఒక్కో మనిషికి తొంభై సెకన్లు. ఆలోగా లోచెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు ఎన్ని బతికున్నాయో లెక్క తేలాలి, హేతువు అనే యంత్రం తీర్పు చెప్పాలి, కింద ఆమె వేలిముద్ర పడాలి. మూడేళ్లలో హేతువు మాటను ఆమె ఒక్కసారీ కాదనలేదు. 

"తల కదపకు తాతా."

స్కానర్ సొరంగంలో పడుకున్న దూస రాజమల్లు సిరిసిల్లలో నలభై ఏళ్లు మరమగ్గాలు నడిపినవాడు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. రోమకణాలను మళ్లీ మొలిపించే కణనాటు ఉంది కానీ, అది పనివల్ల చెవి పోయినవాళ్లకే ఇస్తారు. అదీ చెవి నరం ఎండకముందే. అతని నరానికి ఇంకా పదహారు రోజులే గడువు.

హేతువు తేల్చేసింది. ఎడమ: కణనాశం. కుడి: ఆరోగ్యం. మోత రెండు చెవులకూ సమానం. కనుక కారణం స్వీయజం, పనివల్ల కాదు. కణనాటుకు అనర్హుడు.

సుగుణ లేవమని సైగ చేసి ముద్రపలక వైపు వేలు చాపింది. రాజమల్లు లేచి కూర్చుని, కుడి చెవి చూపించాడు.

"ఏమన్న జెప్తే ఇటు రా బిడ్డా. ఇంటి చెవి దిక్కు."

ఆమె వేలు ఆగిపోయింది. తను హాస్టల్ నుంచి సెలవులకు వచ్చినప్పుడు, మగ్గాల మీద పనిచేసే అమ్మ కూడా అచ్చం అలాగే పిలిచేది. అదేదో అమ్మ ముద్దుమాట అనుకుందే తప్ప ఎన్నడూ అడగలేదు.

"ఇంటి చెవేంది తాతా?"

"పోగు తెగితే మగ్గం చప్పుడు మారుతది. కంటికన్న ముందు చెవికే ఎరుక. అందుకే ఒక చెవి మగ్గానికిస్తం. రెండోదాంట్ల మైనం దూది పెడ్తం. పిల్లల మాట ఇనాలె గద, అది ఇంటికి."

"ఇదంతా డాక్టర్లకు చెప్పలేదా?"

"ఎవ్వలడిగిన్రు? లోపల ఫొటో తీస్తున్రు గద, అండ్లనే కనవడ్తది అనుకున్నం."

సుగుణ ముద్రపలక నుంచి వేలు వెనక్కి తీసుకుంది. స్వీయజం కొట్టేసి శ్రమజం అని రాసింది. ఆధారం గడిలో అతని మాటలే నింపింది.

హేతువు ఒప్పుకుంది. రాజమల్లుకు కణనాటు తేదీ ఎల్లుండి. ఆ కిందనే మరో ప్రశ్న వెలిగింది: ఇదే తీరులో పాత తీర్పులు 213. తిరగదోడాలా? అలాగైతే కేంద్రం మూతపడుతుంది. ముద్ర వేసిన ఉద్యోగిపై విచారణ ఉంటుంది.

వద్దంటే చాలు, అంతా సద్దుమణుగుతుంది. జాబితాలో మొదటి పేరు అమ్మది. కింద తన వేలిముద్రే. అమ్మ నరం ఎండి రెండేళ్లయింది.

తిరగదోడమని ఆమె ముద్ర వేసింది. తెరలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. బయట వరుసలో ఉన్నవాళ్లు ఏమైందని అడుగుతున్నారు.

సుగుణ రాజమల్లు కుడిపక్కకు వచ్చి నిలబడింది.

"మా అమ్మకు కణనాటు ఇయ్యొద్దని రాసింది నేనే తాతా," అంది మెల్లగా.

రాజమల్లు ఇంటి చెవిని ఆమె వైపు ఇంకాస్త వంచాడు. విన్నాడు.