గోడకి బిగించిన వరుడు

"హలో, నాయనమ్మా! రేపు వార్డ్‌రోబతను వస్తాడు. నేను వచ్చేదాకా కూర్చోబెట్టు."

"ఎవరొస్తారే?"

"వార్డ్‌రోబు! వార్డ్... రోబు!"

"వరుడు... రేపు? అట్లా చెప్పు! ఆడపిల్లవి, అంత గట్టిగా అరవమాకే. ఇది పక్కింటోళ్ళ ఫోను!"

టక్కున ఫోను పెట్టేసింది వరమ్మ. ఆవిడ పేరులో వరం ఉంది, చెవిలో మాత్రం వరుడే ఉన్నాడు.

తెనాలిలో మోగిన ఆ ఫోను పక్కింటి అబీదాగారిది. బాపట్లలో నోరెండిపోయి నిలబడ్డది కనకలక్ష్మి, అక్కడి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఊరందరికీ లైను కలిపే పిల్లకి సొంత నాయనమ్మతోనే లైను కలవలేదు. తిరిగి చేద్దామంటే బోర్డు మీద దీపాలన్నీ వెలుగుతున్నాయి. పైగా ఆ రాత్రి డ్యూటీ.

అసలు సంగతేమిటంటే, కనకం గది గోడలో నిలువెత్తు గూడొకటుంది. పెదనాన్న తన వాటా ఇల్లు అబీదావాళ్ళకి అమ్మినప్పుడు మధ్యనున్న గుమ్మాన్ని ఇటుకలతో మూసేశారు. అటువైపు గోడ నున్నగా అయింది, ఇటువైపు గూడు మిగిలింది. ఆ గూటిలో ట్రంకు పెట్టె, దాని మీద పరుపుచుట్ట, దాని మీద పిల్లి. చీరలేమో దండెం మీద దండయాత్రకి బయల్దేరినట్టు ఉంటాయి. ఇనప్పెట్టెలాంటి స్టీలు బీరువా కొందామంటే జీతం చాలదు, మేడమెట్ల మలుపు తిరగదు.

"ఆ గూటికే తలుపులూ అరలూ పెట్టిస్తాను నాన్నా," అంది కనకం.

వాళ్ళ నాన్న నరసింహమూర్తి హైస్కూల్లో తెలుగు పండితుడు. ఇంట్లో ఇంగ్లీషు మాట వినపడితే చెవులు కడుక్కునే రకం. "రేపు పెళ్ళయి పోయేదానివి. గోడకి బిగించేది దేనికి? గోడ మోసుకుపోతావా?"

"నేను పోయినా పుట్టింట్లో నాదంటూ ఒక అర ఉండాలి నాన్నా."

"అర లేదు, పావూ లేదు!"

చేయించి తీరాలని కనకం ఆ పూటే తేల్చుకుంది.

* * *

ఆదివారం పొద్దున్నే వానలో తడుస్తూ వచ్చాడు రాఘవ. రేపల్లె కుర్రాడు. ఇంటి కలప అడితి నాన్నకి వదిలేసి, తెనాలిలో 'వార్డ్‌రోబులు చవకగా' అని బోర్డు కట్టుకున్నాడు. బోర్డు వేలాడుతోంది గానీ బేరం ఇంకా తేలలేదు. కనకం వాళ్ళదే మొదటి ఇల్లు.

గుమ్మంలోనే కాళ్ళకి నీళ్ళిచ్చారు. కుర్చీ వేశారు. కేసరీ, బజ్జీలూ పెట్టారు. 'తెనాలివాళ్ళు పనివాళ్ళని ఎంత బాగా చూస్తారు!' అనుకున్నాడు రాఘవ.

"ఏ ఊరు నాయనా మనది?" అడిగారు మూర్తిగారు.

"రేపల్లె అండి. మాకక్కడ కలప అడితి ఉందండి."

మూర్తిగారు భార్య సావిత్రి వంక చూసి తలూపారు. బాపట్లలో ఉండి పెళ్ళిళ్ళు కుదిర్చే గౌరీశంకరంగారు రేపల్లె సంబంధమే చూస్తానన్నారు మరి! గోత్రం అడిగారు. నక్షత్రం అడిగారు. చెక్క కొయ్యడానికి కూడా ముహూర్తం చూస్తారేమో అనుకుని రాఘవ అన్నీ చెప్పాడు.

"మీ కోరికలేమైనా ఉంటే మొహమాటం లేకుండా చెప్పు."

"ఏం లేవండి. మీచేత ఎక్కువ ఖర్చు పెట్టించడం నాకిష్టం ఉండదండి. పాతది ఉంటే దాంతోనే సర్దుకుంటాను."

మూర్తిగారి కళ్ళు చెమ్మగిల్లాయి. 'పాతది' ఏమిటో అర్థం కాలేదు గానీ, మనసు మాత్రం కొత్తదనిపించింది.

అప్పుడే పాసింజరు దిగి, గొడుగు విదిలించుకుంటూ లోపలికొచ్చింది కనకం.

రాఘవ చటుక్కున లేచి జేబులోంచి టేపు తీశాడు. "వచ్చారా! అయితే కొలతలు తీసుకోవచ్చాండి?"

ఇల్లంతా బిగుసుకుపోయింది.

"ఇదేం చోద్యంరా," అంది వరమ్మ. "మా రోజుల్లో పాట పాడించేవాళ్ళు!"

"గది కొలతలు నాయనమ్మా, గదివి!" అంటూ అతన్ని దాదాపు ఈడ్చుకుంటూ మేడెక్కించింది కనకం.

పైకెళ్ళాక రాఘవ రొప్పుతూ అడిగాడు. "మీవాళ్ళు నా నక్షత్రం ఎందుకడిగారండి?"

"మీరు వరుడండి."

"కాదండి, నేను రాఘవని."

కనకం నుదురు కొట్టుకుని ఫోను సంగతంతా చెప్పింది. రాఘవ మొహం తెల్లబోయింది, చెవులు ఎర్రబడ్డాయి. "ఇప్పుడే కిందికెళ్ళి చెప్పేస్తాను."

"చెబితే మీరు గేటు బయట ఉంటారు, నా అలమర గాల్లో ఉంటుంది."

"అలమర కోసం అబద్ధమాడమంటారా?"

"అబద్ధం వద్దు. అడిగినదానికి నిజమే చెప్పండి. అడగనిది చెప్పమాకండి. గూడు చూడండి ముందు."

చూశాడు. గూటిని కొంచెం, కనకాన్ని కొంచెం ఎక్కువ.

"ఇది పైన వెడల్పు, కింద ఇరుకు," అన్నాడు. "అయినా ఫరవాలేదు. మూడు వైపులా గోడలున్నాయి కాబట్టి పెట్టె మొత్తం కట్టక్కర్లేదు. గోడలకి చెక్క పట్టీలు, అదే రీపర్లు, బిగించి వాటి మీద అరలు కూర్చోబెడితే చాలు. ఖరీదంతా తలుపుల దగ్గరేనండి."

"ఈ గుమ్మానికి ఒకప్పుడున్న టేకు తలుపులు అటక మీదున్నాయి."

రాఘవ మొహం వెలిగిపోయింది. "అదే కదండీ నేను కింద మీ నాన్నగారితో అన్న పాతది!"

* * *

ప్రతి ఆదివారం రాఘవ వచ్చేవాడు. సావిత్రి టిఫిన్ పెట్టేది. పైనుంచి సుత్తి దెబ్బలు వినిపించేవి. "చేతిపని సరదా ఉన్న కుర్రాడు. వద్దనడానికి నాకే మొహమాటంగా ఉంది," అని మురిసిపోయేవారు మూర్తిగారు. కూతురు అడిగితే వద్దన్న అలమర, అల్లుడి చేతిలో ముద్దొచ్చింది.

"చీరలకి ఈ అర," అనేవాడు రాఘవ. "పుస్తకాలకి ఇది. పై అరలో ఏం పెడతారండి?"

"ఖాళీగా ఉంచండి. ఇంకా తేల్చుకోలేదు."

"అంత ఎత్తు మీకు అందదేమో."

"అందించేవాళ్ళుంటే అందుతుంది."

రాఘవ చేతిలో స్క్రూ జారి ఎక్కడో పడింది. ఇద్దరూ వెతికారు. దొరికాక కూడా కాసేపు వెతికారు.

కిటికీ అవతల వాన. ఓ చినుకు లోపలికొచ్చి కనకం చెంప మీద వాలింది. రాఘవ దాన్ని చూసి, రంపం పట్టుకుని గీత తప్పి కోశాడు.

"సందు మిగిలిందండి," అన్నాడు దిగులుగా.

"ఇప్పుడెలా?"

"పైన సన్నటి చెక్క బీడింగు కొడితే కనపడదు లెండి. కానీ నిజానికీ అబద్ధానికీ మధ్య మనం వదిలిన సందుందే, దానికి బీడింగు లేదు. తలుపులు బిగించిన రోజున మీ నాన్నగారికి చెప్పేస్తాను. గెంటేసినా సరే."

కనకం చీరకొంగు మెలిపెట్టింది. "గెంటేస్తే?"

"మళ్ళీ వస్తాను. ఈసారి వరుడిగానే."

* * *

తలుపులు బిగించిన ఆదివారం అందరూ మేడ మీదే ఉన్నారు. పాత టేకు తలుపు కిర్రుమంది. మూర్తిగారు ఉలిక్కిపడ్డారు. చిన్నప్పుడు అన్నయ్య తీసినప్పుడు కూడా అదే కిర్రు! చెక్క మీద చెయ్యి ఆనించి అలాగే నిలబడ్డారు. తలుపు తెరిస్తే తలపులొచ్చాయి.

రాఘవ గొంతు సవరించుకున్నాడు. "మేష్టారూ, నేనొకటి చెప్పాలండి."

అంతలో మెట్ల మీద దగ్గు. గౌరీశంకరంగారు! "మూర్తిగారూ, ఆ రేపల్లెవాళ్ళు పై నెలలో పిల్లని చూడ్డానికొస్తామన్నారండోయ్!"

మూర్తిగారు ఆయన్ని చూసి, రాఘవని చూశారు. "మరి నువ్వెవరివయ్యా?"

"వార్డ్‌రోబతన్నండి."

"చూశావా!" అంది వరమ్మ విజయగర్వంతో. "వరుడు రేపు అంటున్నాడు. నేనూ అదేగా చెప్పింది!"

అంతే, గుట్టు అరలుఅరలుగా విడిపోయింది. కనకం ఫోను దగ్గర మొదలుపెట్టి కేసరీ మీదుగా కొలతల దాకా చెప్పింది. గోడ అవతల అబీదాగారి నవ్వు కూడా వినిపించింది.

"మోసం!" అన్నారు మూర్తిగారు. "తీసెయ్! ఇప్పుడే ఊడదీసి పట్టుకుపో!"

"తీయమంటే తీస్తానండి," అన్నాడు రాఘవ. "కానీ గట్టిగా బిగించానండి. ఊడదీస్తే గోడ పగులుతుంది. నా సంగతీ అంతేనండి. గోత్రం, నక్షత్రం, ఊరు అన్నీ నిజమే చెప్పాను. అడగనిదొక్కటే దాచాను. మీ అమ్మాయంటే నాకిష్టమండి."

"నాకూ అంతే నాన్నా," అంది కనకం. "గుమ్మం మూసినప్పుడు మిగిలిన గూటికి అతను తలుపు పెట్టాడు. ఆ తలుపు నేను మూయను."

గోడ అవతలి నుంచి అబీదాగారి గొంతు: "ఒప్పుకోండి మేష్టారూ! మళ్ళీ ఊడదీస్తే ఆ సుత్తి దెబ్బలు మేం పడలేం!"

మూర్తిగారు నవ్వాపుకోబోయారు, ఆగలేదు. తలుపు మరోసారి తీశారు. కిర్రుమంది.

"ఓ పిచ్చిపిల్లా, ఆ ఇంగ్లీషు ముక్క మానేసి ఫోనులో శుభ్రంగా 'అలమర' అని ఏడిస్తే ఇంత గోల ఉండేది కాదు కదే!"

"ఈ అల్లుడూ ఉండేవాడు కాదు కదా నాన్నా."

జీవితంలో మొదటిసారి మూర్తిగారు ఒక ఇంగ్లీషు మాటకి మనసులో దణ్ణం పెట్టుకున్నారు. తర్వాత తల్లి చెవి దగ్గర నోరు పెట్టి, గౌరీశంకరంగారికీ, సావిత్రికీ, గోడ అవతలివాళ్ళకీ కూడా వినపడేట్టు అరిచారు. "అమ్మా! ఆ రోజు అది చెప్పింది వరుడు రేపు అని కాదే! వార్డ్‌రోబు! వార్డ్‌రోబంటే అలమర! అ-ల-మ-ర!"

వరమ్మ బోసినోటితో నవ్వింది.

"అవున్రా, మన మధ్య అరమరలు దేనికి? ఇంతకీ పెళ్ళి రేపేనా?"