చెరిపేసిన మార్జిన్లు

ఈ కథలో జరిగిన నష్టానికంతటికీ మొదటి ముద్దాయి కంచు మాస్టారు. ఆ గొంతు విని పిల్లలు పెట్టిన పేరది. ఏడో క్లాసుకి చరిత్ర చెప్పేవాడు. చెప్పడమంటే ఏముంది, పుస్తకం తెరిచి మొదటి లైను నుంచి చివరి లైను దాకా మోగించడం. ఒకరోజు యాభై వేల సైన్యం మూడు నెలలు నడిచి వెళ్ళి కోటను ముట్టడించిందని మోగించాడు. మూడో బెంచీ కుర్రాడికి సందేహం వచ్చింది. నోరు తెరిచి అడిగే ధైర్యం లేక పుస్తకం మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్నాడు: 'మూడు నెలలూ వాళ్ళేం తిన్నారు?'

మాస్టారు చూశాడు. కుర్రాణ్ణి అందరి ముందూ నిలబెట్టి, చేతికి రబ్బరిచ్చి, ఆ పుస్తకంలో ఉన్న ప్రతి పెన్సిల్ గీతా చెరిపించాడు. "పుస్తకంలో రాసేవాడూ, గోడ మీద ఉమ్మేసేవాడూ ఒకటేరా" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మర్నాటి నుంచి కుర్రాడు బడికి వెళ్ళలేదు. బడి కూడా అతని కోసం బెంగపెట్టుకోలేదు.

ఇరవై రెండేళ్ళు గడిచాయి. ఆ కుర్రాడిప్పుడు పాతపుస్తకాల షాపాయన. షాపు పద్నాలుగడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు. ఏ షెల్ఫు ఎన్ని అంగుళాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. పాత పుస్తకం ఏదొచ్చినా ముందు దుమ్ము దులుపుతాడు, ఊడిన అట్ట అంటిస్తాడు, తర్వాత రబ్బరు తీసుకుని మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా పెన్సిల్ రాతలన్నీ చెరిపేస్తాడు. బడిలో నేర్చుకున్న పాఠాల్లో ఒంటబట్టింది అదొక్కటే.

ఒక సాయంత్రం వాన దంచికొడుతుంటే ఆమె లోపలికొచ్చింది. గొడుగు మడిచి గుమ్మం బయటే పెట్టింది. ఆ ఒక్క పనికే అతనికి ఆమె మీద సగం మంచి అభిప్రాయం కలిగింది. మిగతా సగం ఆమె నోరు తెరవగానే ఎగిరిపోయింది.

"చరిత్ర పుస్తకాలు కావాలండీ. పదకొండేళ్ళ పిల్లకీ, ఎనిమిదేళ్ళ పిల్లాడికీ."

అతను తళతళలాడే లావుపాటి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది తీసుకోండి మేడమ్. వెయ్యేళ్ళ చరిత్ర, అన్నీ కలర్ బొమ్మలే."

ఆమె పుస్తకం తిరగేసింది. ముందు మాట చూసింది, వెనక పేజీలు చూసింది, మూసేసింది.

"ఇందులో అన్నీ జరిగాయనే ఉంది. జరిగినట్టు ఎలా తెలిసిందో ఒక్కచోట కూడా లేదు."

"పిల్లలకదెందుకండీ?"

"పిల్లలకే కావాలి. పెద్దవాళ్ళెలాగూ అడగరు." ఆమె షెల్ఫుల వైపు చూసింది. "మన ఊరికి అరవై ఏళ్ళ కిందట వరదొచ్చింది కదా, దాని మీద మూడు పుస్తకాలివ్వండి. మూడూ ఒకటే మాట చెప్పకూడదు."

"ఒక్క వరదకి మూడు పుస్తకాలా? నీళ్ళేమన్నా మారతాయా?"

"నీళ్ళు మారవు. రాసేవాళ్ళు మారతారు."

చదువుకున్నవాళ్ళ వంకర మాటలంటే అతనికి ఒళ్ళు మంట. కానీ ఈ మాటకి మాత్రం ఎక్కడో మూడో బెంచీ దగ్గర కిర్రుమంది.

ఆమె ఇంట్లో కూర్చుని ప్రెస్సువాళ్ళకి ప్రూఫులు దిద్దుతుంది. ఆ ఇద్దరూ అక్క పిల్లలు. బావ లేడు. అక్క ఆసుపత్రిలో నర్సు. పెద్దది బడిలో రెండేళ్ళు నోరు విప్పలేదు. మాట మొదలుపెట్టడానికి దానికి కాస్త టైం పడుతుంది, ఆ కాస్త టైములో క్లాసంతా నవ్వేది. ఇంట్లో మాత్రం 'ఎందుకు?' అని మొదలుపెడితే ఆపడం ఎవరి తరం కాదు, అందుకే దాని ముద్దుపేరు ఎందుకమ్మ. చిన్నాడు నిలకడ లేని పిడుగు, వాడి పేరు బొంగరం. ఆరు నెలలుగా ఇద్దరికీ ఇంట్లోనే చదువు. పిన్నే టీచరు.

"ఆరు వారాల్లో విద్యాశాఖ నుంచి ఆఫీసరు వస్తుందండీ" అని చెప్పింది ఆమె, రెండోసారి వచ్చినప్పుడు. "ఇంటి చదువు సరిగ్గా లేదంటే పిల్లలిద్దరూ మళ్ళీ అదే బడికి. నేను పంపను. కానీ పంపనంటే సరిపోదు, పిల్లకి ఏం వచ్చో చూపించాలి."

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. ముల్లు దిగేటప్పుడు చప్పుడేం ఉంటుంది?

అతను వెతకడం మొదలుపెట్టాడు. అటక మీంచి మూడు పుస్తకాలు దించాడు. ఒకటి వరద మీద ప్రభుత్వం వేసిన రిపోర్టు. రెండోది ఒక డాక్టరు రాసుకున్న జ్ఞాపకాలు. మూడోది ఒక పడవవాడు చెబుతుంటే ఎవరో రాసి అచ్చేయించిన నలభై పేజీల పుస్తకం. అవి కాక ఆనాటి రైళ్ళ టైంటేబులూ, చిరిగిన ఊరి మ్యాపూ.

"టైంటేబులెందుకండీ?" అంది ఆమె.

"వరదొచ్చిన రోజు ఊరొదిలి పోవాలనుకున్నవాడికి రైలుందో లేదో తెలియాలి కదా?"

ఆమె అతని వైపు మొదటిసారి తిన్నగా చూసింది. "మీరేం చదువుకున్నారు?"

"అమ్మేవాణ్ణండీ. చదివేవాణ్ణి కాదు" అని అటువైపు తిరిగి, దుమ్ము లేని షెల్ఫు దులిపాడు.

తర్వాత ఆమె వారానికి రెండుసార్లు వచ్చింది, పిల్లల్ని తీసుకుని. ఎందుకమ్మ షాపు మెట్ల మీద కూర్చుని రిపోర్టూ, పడవవాడి పుస్తకమూ పక్కపక్కన పెట్టి చదివేది. నీళ్ళు రాకముందు హెచ్చరిక గంట మోగించామని రిపోర్టులో ఉంది. పడవవాడి పుస్తకంలో గంట ఊసే లేదు. దాంతో పిల్ల వీధిలో ఉన్న ముసలివాళ్ళందర్నీ పట్టుకుని గంట విన్నారా అని అడగడం మొదలుపెట్టింది. ఎవరేమన్నారో మార్జిన్లలో పెన్సిల్‌తో రాసుకునేది, మేకు కొట్టినట్టు నొక్కి నొక్కి. అది తలొంచుకుని మ్యాపు మీద రాసుకుంటోందని అతనికి తెలుసు. పుస్తకాల్లో కూడా రాస్తోందని తెలియదు.

అతనూ రిపోర్టు ఇంకో కాపీ సంపాదించి చదివాడు. ఎవరికీ చెప్పలేదు.

ఆఫీసరు రావడానికి మూడు రోజుల ముందు, శుక్రవారం, ఆమె మూడు పుస్తకాలూ తెచ్చింది. "కుట్లు ఊడిపోయాయండీ. కాస్త బైండ్ చేసిస్తారా? సోమవారం పదింటికి ఆవిడొస్తుంది. నీట్‌గా కనపడాలి."

"నీట్ గురించి నాకు చెప్పకండి మేడమ్" అన్నాడు అతను గర్వంగా.

శనివారం మధ్యాహ్నం పుస్తకాలు తయారు. కొత్త కుట్లు, కొత్త అట్టలు. ఆమె తెరిచింది. ఒక పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది.

"ఇందులో రాసినవేవి?"

"ఏవండీ?"

"మార్జిన్లలో రాసినవి! ఆరు వారాల పని!"

"అదా? శుభ్రం చేశానండీ. నేనెప్పుడూ..."

అని సగంలో ఆగిపోయాడు.

"పదిహేను మంది పెద్దవాళ్ళతో మాట్లాడిందండీ ఆ పిల్ల. గుమ్మం ముందు నిలబడి, మాట రాక పది నిమిషాలు తంటాలు పడి, అయినా అడిగి రాసుకుంది. అందులో ఇద్దరు ఊళ్ళో కూడా లేరిప్పుడు. మీరు దాన్ని శుభ్రం చేశారు."

"మళ్ళీ రాస్తే..."

"గుర్తుంచుకుని రాస్తే అది కథవుతుంది. అక్కడే రాసుకుంటే సాక్ష్యమవుతుంది. మీకెందుకు చెబుతున్నానులెండి. మీరు అమ్మేవాళ్ళు."

పుస్తకాలు బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది. గొడుగు కూడా మర్చిపోయింది. బయట వాన లేదు, అదొక్కటే నయం.

ఆదివారం షాపు తెరవలేదు అతను. తలుపు వేసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. కంచు మాస్టారు ఇరవై రెండేళ్ళ కిందట చేసిన పని తను ఇంకో పిల్లకి చేశాడు, పైగా నవ్వుతూ, మంచి పని చేశాననుకుంటూ.

తొమ్మిది దాటాక ఎండ కిటికీలోంచి ఏటవాలుగా లోపలికొచ్చింది. చేతిలో ఉన్న పేజీని అనుకోకుండా కొంచెం పక్కకి వంచాడు. తెల్లటి మార్జిన్‌లో సన్నటి గాట్లు కనపడ్డాయి. ఇంకొంచెం వంచాడు. అక్షరాలు!

పెన్సిల్ మసి పోయింది గానీ, ఆ పిల్ల నొక్కిన నొక్కుడు కాగితం వదల్లేదు.

పుస్తకాలు చంకలో పెట్టుకుని ఆమె ఇంటికి పరిగెత్తాడు. తలుపు తీసింది అక్క. నర్సు డ్యూటీకి బయల్దేరబోతోంది.

"ఓహో, రబ్బరాయన మీరేనా?" అంది పైనుంచి కిందకి చూసి. "ఏమే, నీ ముద్దాయి వచ్చాడు."

అతను ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. తిన్నగా కిటికీ దగ్గరకెళ్ళి పేజీ వంచి పట్టుకున్నాడు. "చూడండి."

ఆమె వంగి చూసింది. ఆమె జడ అతని చేతికి తగిలింది. అతను ఊపిరి బిగబట్టింది పేజీ కదలకూడదనే. అలాగని తనకి తనే చెప్పుకున్నాడు.

"'మేడ మీది తాతగారు... అప్పుడు పదేళ్ళు... గంట మోగలేదు'" అని చదివింది ఆమె నెమ్మదిగా.

"రాత్రిలోగా అన్నీ పెన్నుతో దిద్దేస్తానండీ."

"వద్దు." ఆమె నిటారుగా నిలబడింది. "ఒక్క గీత కూడా పెట్టొద్దు. ఇలాగే ఉండనీండి. చదవాల్సింది మనం కాదు. మీరు మాత్రం రేపు పదింటికి ఇక్కడుండాలి."

"నేనా? ఆఫీసరు ముందా? నేను ఏడో క్లాసు..."

"చెరిపింది మీరు కదా? చెరిపినవాడు లేకపోతే ఎలా?"

సోమవారం ఆఫీసరు సరిగ్గా పదింటికొచ్చింది. కళ్ళజోడు, ఫైలు, టీ వద్దనే మొహం. లెక్కలు చూసింది, భాష చూసింది, తల ఊపింది. చరిత్ర దగ్గరకొచ్చేసరికి ఎందుకమ్మ లేచి నిలబడింది.

"రి... రిపోర్టులో..." అని ఆగింది.

ఎవరూ నవ్వలేదు. బొంగరం కూడా కుర్చీ మీద కదలకుండా కూర్చున్నాడు, చరిత్రలో మొదటిసారి.

"రిపోర్టులో గంట మోగించామని ఉంది. కానీ మోగలేదు. పదిహేను మందిలో ఒక్కరూ వినలేదన్నారు. పడవవాడి మనవరాలు కూడా చెప్పింది."

"ఆ చెప్పినవి ఎక్కడున్నాయమ్మా?" అంది ఆఫీసరు, తెల్లటి మార్జిన్లు తిప్పుతూ.

పిల్ల పుస్తకం తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. పేజీ ఏటవాలుగా పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. ఒక్కొక్క పేరు, ఒక్కొక్క మాట. మధ్యలో ఆగింది, మళ్ళీ అందుకుంది. ఆఫీసరు కుర్చీలోంచి లేచి, కళ్ళజోడు సర్దుకుని, పిల్ల భుజం మీదుగా తొంగి చూసింది.

"ఇవి చెరిపిందెవరు?"

"నేనేనండీ" అన్నాడు అతను తలుపు దగ్గర నుంచి. ఒక అడుగు ముందుకేశాడు.

ఎందుకమ్మ అతని వైపు తిరిగింది. "ఎందుకు చెరిపారు?"

ఇరవై రెండేళ్ళ తర్వాత మళ్ళీ క్లాసులో నిలబడ్డాడు అతను. "రాసింది మురికి అనుకున్నానమ్మా. నాకలాగే చెప్పారు. తప్పు."

పిల్ల పెన్సిల్ తీసి ఆ మాట కూడా మార్జిన్‌లో రాసుకుంది, పేరు బదులు 'షాపు అంకుల్' అని.

"అది సరే" అంది ఆఫీసరు, "గంట మోగకపోతే మోగిందని రిపోర్టులో ఎందుకు రాస్తారు?"

ఎందుకమ్మ కాసేపు నేల చూసింది. పిన్ని చీర కొంగు వేలికి ఐదు చుట్లు తిరిగింది.

"గంట మోగించాల్సింది వాళ్ళే కదా. మోగించలేదని వాళ్ళెలా రాస్తారు?"

ఆఫీసరు ఫైలు మూసింది. "ఇప్పుడు టీ ఇవ్వండి" అంది. వెళ్ళేటప్పుడు సంతకం పెట్టిన కాగితం బల్ల మీద పెట్టింది. మళ్ళీ ఏడాది దాకా ఎవరూ రారు.

అందరూ నవ్వుతున్న టైములో అతను చెప్పకుండా వెళ్ళిపోయాడు. తర్వాత వారం ఆమె షాపుకి వచ్చినా, అడిగిన పుస్తకం ఇచ్చి, అటువైపు తిరిగి, శుభ్రంగా ఉన్న షెల్ఫునే దులిపాడు. డిగ్రీలున్న మనిషి. తనేమో మార్జిన్ దగ్గరే ఆగిపోయినవాడు.

మర్నాడే ఆమె మళ్ళీ వచ్చింది. చినుకులు పడుతున్నాయి. గొడుగు బయట పెట్టి, నిన్న తీసుకెళ్ళిన పుస్తకం బల్ల మీద పెట్టింది.

"ఇందులో ఏదో రాసి చెరిపారు."

అతను బల్ల మీది రబ్బరు చేతిలోకి తీసుకున్నాడు. "పాత రాతలండీ. ఎవరివో."

"అలాగా?" ఆమె బల్ల మీదున్న దీపం దగ్గరకి లాగి, ఆఖరి పేజీ వంచింది. "'ఏడో క్లాసుతో మానేసినవాడు అడగొచ్చా?' మీ బిల్లుల మీద చూసిన అక్షరాలే. 'ఏ'కి తోక ఇలా తిప్పేది ఊళ్ళో మీరొక్కరే, నేను ప్రూఫులు దిద్దేదాన్ని. వాక్యం ఇక్కడితో ఆగింది. మిగతాదేది?"

"రాయలేదు."

"చెరిపారా, రాయలేదా?"

"రాయలేదండీ. రాయడం చేతకాలేదు."

"అయితే నోటితో చెప్పండి. కిటికీ దగ్గర వంచి చూడ్డానికి మీరు కాగితం కాదు కదా?"

అతను చేతిలో రబ్బరు అటూ ఇటూ తిప్పాడు. చినుకులు వానయ్యాయి.

"ఈ షాపులో... నాతోబాటు... మీరూ ఉంటారా?" అన్నాడు. ఎందుకమ్మ కంటే ఎక్కువసార్లు ఆగాడు.

ఆమె నవ్వలేదు. మాట పూర్తయ్యేదాకా ఆగింది. అలా ఆగడం ఆమెకి బాగా అలవాటు.

"ఒక కండిషన్. రాతలున్న పుస్తకాలకి వేరే షెల్ఫు. అందులో దేన్నీ ముట్టుకోకూడదు."

"ఎంత కావాలి?"

"కిటికీ పక్కది మొత్తం."

"అది నా బెస్ట్ షెల్ఫండీ!"

"అందుకే."

గుమ్మం బయట తడుస్తూ నిలబడ్డ బొంగరం లోపలికి తల పెట్టి, "అమ్మా! పిన్ని ఒప్పుకుంది! అంకుల్ని ఇప్పట్నించి బాబాయి అనొచ్చా?" అని వెనక్కి అరిచాడు. వెనక నర్సు గొడుగు కింద నిలబడి ఉంది. పక్కనే ఎందుకమ్మ, చేతిలో పెన్సిల్.

"అనరా నాయనా" అంది అక్క. "ఏమయ్యా రబ్బరాయనా, మా చెల్లి మాటల్లో మాత్రం ఒక్కటీ చెరపలేవు, ముందే చెబుతున్నా."

ఆ సాయంత్రం కిటికీ పక్క షెల్ఫు ఖాళీ అయింది. పద్నాలుగడుగుల షాపులో అతను పోగొట్టుకున్నది ఆరడుగుల మూడంగుళాల షెల్ఫు, సగం అరిగిన రబ్బరు ఒకటి.