మూడింటి ఎండలో టేపు గుర్తు

"ఆగాలా? నువ్వు ఈడ్చుకుంటూ వచ్చేదాకా నేను ఆగాలా?"

మైదానం అవతలి గోడ దాకా వినిపించేలా అరిచింది మిరపకాయ. ఆమె అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తు రాదు. కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి, ఇంట్లో పెట్టిన పేరే బడిలోనూ స్థిరపడిపోయింది.

ఎదురుగా నిచ్చెన రొప్పుతూ నిలబడి ఉంది. తరగతిలో అందరికంటే పొడుగు కాబట్టి ఆమెకు ఆ పేరు. బ్యాటన్ ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఈపాటికి అది మిరపకాయ చేతిలో ఉండాలి.

నలుగురు ఒకరి తర్వాత ఒకరు బ్యాటన్ కర్ర అందించుకునే రిలే పరుగులో నిచ్చెనది మూడో వంతు. వంపు తిరిగి వస్తుంది. చివరి వంతు మిరపకాయది. ఆమె తన వెనక కొంత దూరంలో, ట్రాక్ మీద ఒక తెల్ల టేపు ముక్క అంటిస్తుంది. నిచ్చెన కాలు ఆ టేపును దాటగానే మిరపకాయ పరుగు అందుకోవాలి. ఇక వెనక్కి చూడకూడదు. చేయి మాత్రం వెనక్కి చాచాలి. టేపు మరీ దగ్గరగా ఉంటే ఇద్దరూ గుద్దుకుంటారు. మరీ దూరంగా ఉంటే ముందున్న అమ్మాయి అందకుండా పోతుంది. హద్దు గీత దాటేలోపు బ్యాటన్ చేతులు మారకపోతే జట్టు మొత్తం అవుట్.

ఆ టేపును పొద్దున చల్లపూట అంటించారు. అప్పుడు బ్యాటన్ చక్కగా అందింది. ఇప్పుడు మధ్యాహ్నం మూడయింది. ఎన్నిసార్లు ప్రయత్నించినా మిరపకాయ ఒట్టి చేత్తోనే హద్దు దాటిపోతోంది.

"టేపు కొంచెం నీ దగ్గరికి జరుపుకో," అంది నిచ్చెన.

"జరపను! పొద్దున సరిపోయింది కదా? టేపు మారలేదు. నేనూ మారలేదు. మారింది నువ్వే. మధ్యాహ్నం పీకలదాకా తిని వచ్చుంటావు!"

రెండో వంతు అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుతో నిచ్చెన ముఖం జేవురించింది.

"నా తిండి జోలికొస్తే ఊరుకోను. అంత గొప్పదానివైతే ఆ వంపు నువ్వే పరిగెత్తి చూపించవే!"

బ్యాటన్ మిరపకాయ కాళ్ళ దగ్గర విసిరేసి, వెళ్ళి కుళాయి కింద తల పెట్టింది.

పోటీ ఎల్లుండే. అదీ మధ్యాహ్నం మూడింటికే. పీటీ మేడమ్ విజిల్ తాడును వేలికి చుట్టుకుంటూ అంతా చూశారు. ఎవరినీ తిట్టలేదు.

"రేపు ఇద్దరూ చోట్లు మార్చుకోండి," అన్నారు. "కానీ మిరపకాయా, నిచ్చెన ఏమేం చేసి వస్తుందో నువ్వూ అవన్నీ చేసి రావాలి. ముందు లాంగ్ జంప్, తర్వాత రెండువందల మీటర్లు. రిలే ఆ తర్వాతే."

"చేసి చూపిస్తాను, మేడమ్!"

ఆ సాయంత్రం ఇంట్లో మిరపకాయ కంచాన్ని బల్ల మీద ధన్‌మని పెట్టింది.

"ఆ కంచం నిన్నేమందే?" అన్నాడు నాన్న.

"నీకేం తెలుసు నాన్నా! ఆ నిచ్చెన వల్ల నా కప్పు పోతుంది."

"నీ కప్పా? నలుగురు పరిగెత్తుతారనుకున్నానే."

మిరపకాయ అన్నాన్ని కసిగా నమిలింది.

మర్నాడు లాంగ్ జంప్ గుంటలో ఇసుక కాలిపోతోంది. దూకిన ప్రతిసారీ అరచేతులు చురుక్కుమన్నాయి. రెండువందల మీటర్లు ముగిసేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. అయినా పంతం వదలకుండా మూడో వంతు చోటికి వెళ్ళి బ్యాటన్ అందుకుంది.

వంపు మొదట్లో బాగానే ఉంది. సగం తిరిగేసరికి ఎదురుగాలి ముఖం మీద కొట్టింది. ఎవరో గుండెల మీద చేయి పెట్టి వెనక్కి నెడుతున్నట్టు అనిపించింది. మోకాళ్ళు పైకి లేవనన్నాయి. అడుగులు పొట్టివైపోయాయి. ఎలాగో కాలు టేపును దాటింది. ముందు నిలబడ్డ నిచ్చెన ఆ క్షణమే దూసుకుపోయింది.

"ఆగవే! ఆగు!"

నిచ్చెన ఆగలేదు. వెనక్కి చాచిన చేయి ఖాళీగానే హద్దు దాటింది.

"కావాలనే చేశావు!" అని విరుచుకుపడింది మిరపకాయ.

"నువ్వు పెట్టిన టేపే. నీ కాలు దాటింది, నేను పరిగెత్తాను. నిన్న నువ్వు చేసిందీ ఇదేగా?"

మిరపకాయ నేలను ఒక్క తన్ను తన్నింది. అలసిన పిక్క పట్టేసి, అక్కడే చతికిలబడింది.

మేడమ్ ఆ పిక్కను రుద్ది, ఆమెను లేపి, చివరి వంతు చోట నిలబెట్టారు. వచ్చేవాళ్ళ వైపు తిరగమన్నారు.

"గాలి నీకు ఎక్కడ తగులుతోంది?"

"వీపుకి."

"పరిగెత్తి వచ్చే పిల్లకి?"

మిరపకాయ వంపు వైపు చూసింది. "ముఖానికి," అంది.

"పొద్దున ఈ గాలి లేదు. ఎంత వేగంగా వస్తే గాలి అంత గట్టిగా అడ్డుపడుతుంది. పొడుగు మనిషికి ఇంకా ఎక్కువ. పైగా నిచ్చెన అప్పటికే ఎండలో ఆడి వస్తోంది. ఒంట్లో నీరు చెమటగా పోయింది. గుండె అటు కాళ్ళకీ రక్తం పంపాలి, ఇటు ఒళ్ళు చల్లబరచడానికి చర్మానికీ పంపాలి. పొద్దుటి కాళ్ళు మూడింటికి ఎక్కడుంటాయి?"

"ఈ మాట నిన్ననే చెప్పొచ్చుగా, మేడమ్!"

"నిన్న నీకు చెవులెక్కడున్నాయి? ఉన్నదంతా నోరేగా!"

రెండో వంతు అమ్మాయి మళ్ళీ కిసుక్కుమంది. మిరపకాయ కోపం తగ్గలేదు. కానీ ఈసారి దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

పోటీ రోజు ఎండ నిప్పులు చెరిగింది. గాలి ఇంకా పెరిగింది. నిచ్చెన అప్పుడే రెండువందల మీటర్ల పరుగు ముగించి, నీడలో కూర్చుని తొడలు నొక్కుకుంటోంది. మిరపకాయ వచ్చి తన నీళ్ళ సీసా ఆమె ఒళ్ళో పడేసింది.

"కాళ్ళెలా ఉన్నాయి?" అంది, పోట్లాటకు వచ్చినట్టు.

"బరువుగా ఉన్నాయి. నిజం చెప్పానని అరుస్తావా?"

"అబద్ధం చెప్తే అరుస్తాను. టేపు ఎంత జరపను?"

నిచ్చెన మైదానం చివర పాతిన జెండా గుడ్డ ఎటు ఎగురుతోందో చూసింది. "మూడు పాదాలు. ఉహూఁ, నాలుగు."

మిరపకాయ తన చోటికి వెళ్ళింది. పాదం ముందు పాదం పెట్టి కొలిచి, టేపును దగ్గరగా అంటించింది.

పక్క వరసలోని అమ్మాయి ఫక్కున నవ్వింది. "అంత దగ్గరా? మీవాళ్ళు పాక్కుంటూ వస్తారా ఏంటి?"

మిరపకాయ చెవులు వేడెక్కాయి. వేళ్ళు టేపు అంచు మీదికి వెళ్ళాయి. ఒక్కసారి లాగి దూరంగా అంటిస్తే చాలు, ఆ నవ్వు ఆగిపోతుంది.

"నీ టేపు నువ్వు చూసుకో!" అని గట్టిగా అని, ఆ అంచు లేవకుండా మడమతో నొక్కింది.

తుపాకీ పేలింది. బ్యాటన్ ఒక చేయి మారింది, రెండో చేయి మారింది. నిచ్చెన వంపులోకి వచ్చింది. పక్క వరసల పిల్లలు ఒక్కొక్కరే కదిలిపోతున్నారు. వెళ్ళిపో, వెళ్ళిపో అని మిరపకాయ ఒళ్ళంతా పోరుపెడుతోంది. పళ్ళు బిగబట్టి నిలబడింది. నిచ్చెన ముఖం కందిపోయింది. గాలికి కళ్ళు చికిలించుకుని వస్తోంది.

కాలు టేపును దాటింది.

మిరపకాయ కదిలింది. వెనక్కి చూడలేదు. చేయి చాచింది. హద్దు గీత దగ్గరికి వచ్చేస్తోంది.

"ఇదిగో!"

హద్దుకు ఇవతలే అరచేతిలో బ్యాటన్ ఠప్పున పడింది. వేళ్ళు బిగించి, ఎదురుగాలిలోకి దూసుకుపోయింది.